నలభై ఏడో నంబరు

"ఇరవై రెండు మందిలో పందొమ్మిది మంది తప్పు రాశారు."

డీఎస్పీ భారతి ఆ మాట అని జవాబుల కట్ట బల్ల మీద పెట్టింది. ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. మదనపల్లెలోని ఆ హాల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళు కాలేజీ పిల్లలు కారు, చుట్టుపక్కల కోర్టుల్లో సర్కారు తరఫున వాదించే ప్రాసిక్యూటర్లు. కులం మీదో మతం మీదో ద్వేషంతో జరిగిన నేరాన్ని ఎలా గుర్తుపట్టాలి, కోర్టులో ఎలా నిలబెట్టాలి అని వాళ్ళకు రెండు రోజుల శిక్షణ. పోలీసుల తరఫున పాఠం చెప్పమని భారతిని పిలిచారు. నిన్న మధ్యాహ్నం ఆమె తలా ఒక కాగితం చేతిలో పెట్టి, రాత్రికి చదివి ఏ సెక్షను పెడతారో రాసుకురమ్మంది.

కాగితంలో ఉన్నది కట్టుకథ కాదు. యాభై తొమ్మిది రోజులుగా ఆమె నెత్తిన ఉన్న కేసే. ఊరి పేరు తీసేసింది, మనుషుల పేర్లు తీసేసింది, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచింది.

"మళ్ళీ ఒకసారి చదువుతాను, వినండి. ఒక ఊరు, ఊళ్ళో పాల కేంద్రం. పాలు పోసే ఇళ్ళు అరవై మూడు. పాలకు ఫ్యాట్, అంటే వెన్న శాతం, చూసే ఉద్యోగం ఎస్సీ కాలనీ కుర్రాడికి వచ్చింది. మరునాటికి అరవై మూడు కాస్తా ఇరవై రెండయింది. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళు క్యాన్లు మోసుకుని రెండు కిలోమీటర్ల అవతలి ఊరికి పోయి పోస్తున్నారు. రేటు అక్కడా ఇదే. కేంద్రం తాళాలు పట్టుకుని నడివీధిలో నడవొద్దని కుర్రాడికి చెప్పారు. వాడు చేలగట్టు వెంట పోవడం మొదలుపెట్టాడు. పన్నెండో రోజు పొద్దున, అదే గట్టు మీద అడవిపందుల కోసం వేసిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. ఆ సమయంలో తీగకు కరెంటు పెట్టడం చూసింది పాల కేంద్రంలో నలభై ఏడో నంబరు సభ్యురాలు. రైతు కుటుంబమే. కుర్రాడు వచ్చాక కూడా అక్కడే పాలు పోస్తూ వచ్చిన మనిషి." భారతి తలెత్తింది. "దీనికి మీరేం రాశారు? నిర్లక్ష్యం వల్ల మరణం అని పదహారు మంది. పాత కక్షతో హత్య అని ముగ్గురు. కులం అన్న మాట రాసినవాళ్ళు ముచ్చటగా ముగ్గురు."

ఆ ముగ్గురిలో ఒకరు రెండో వరసలో కూర్చున్న దీపిక. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, నోట్సు మాత్రం ఇద్దరి పాళ్ళు రాస్తుంది. ఇలాంటి పిల్లలు ఇంకో పదిమంది ఉంటే చాలు అనుకుంది భారతి.

వెనక వరసలో కుర్చీ కదిలింది. లేచిన మనిషి లక్ష్మీపతి. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, అట్రాసిటీ కేసులకు ప్రత్యేక ప్రాసిక్యూటరు. ఈ కేసు కోర్టుకు వెళితే వాదించాల్సింది ఆయనే. భారతికీ ఆయనకూ రెండేళ్ళుగా ఉప్పూ నిప్పూ.

"ఆ పందొమ్మిది మందిలో నేనూ ఉండాను మేడమ్," అన్నాడు. "ఎందుకు రాసినానో చెప్పమంటారా?"

"చెప్పండి సార్."

"ద్వేషం మీకు కనపడతాది, నాకూ కనపడతాది. జడ్జికి కనపడేది కాగితం. నలభై ఒక్క ఇళ్ళు పాలు మానేసినాయంటే, మా ఇష్టం, మా పాలు అంటారు. వీధిలో నడవొద్దన్నారంటే, ఎవరన్నారో పేరు చెప్పమంటారు. ఇంక మిగిలేది ఒక్క ఆడమనిషి, ఆమె విన్న ఒక్క మాట."

"ఆ ఒక్క మాట చాలదా? తీగ తగిలి వాడు కొట్టుకుంటుంటే నిలబడి, 'మా పాలలో సెయ్యి పెడ్తావా' అన్నాడు సార్ ఆ మనిషి. ఇంకేం కావాలి?"

"ఆ మాట ఆమె కోర్టులో చెప్పాల. నలభై అట్రాసిటీ కేసులు వాదించినా. నిలబడినవి రెండంటే రెండు. తక్కిన వాటిల్లో సాక్షులు ఇంట్లో ఒకటి చెప్పినారు, బోనెక్కి ఇంకొకటి చెప్పినారు. నేను చేతకాని వాణ్ణని ఓడిపోలేదమ్మా."

"రేపు పదిన్నరకు మేజిస్ట్రేటు ముందు ఆమె వాంగ్మూలం ఇస్తుంది."

"ఇస్తే నా అంత సంతోషించేవాడు ఉండడు. ఇయ్యకపోతే మాత్రం, అట్రాసిటీ సెక్షను తీసేసిన చార్జిషీటుకే నేను సరే అంటాను. రేపటికి అరవై రోజులు. చార్జిషీటు గడువు మీకూ తెలుసు."

"మీరు సరే అనకపోయినా నేను వేస్తాను."

"వెయ్యండి. ఓడిపోయేదానికి నేనుండాను కదా," అని ఆయన కూర్చున్నాడు.

హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. భారతికి ఒళ్ళు మండింది. మండినా ఆయన మాటల్లో అబద్ధం లేదని తెలుసు, అదే అసలు మంట. చచ్చిపోయినవాడి పేరు అరుణ్ కుమార్, ఇరవై ఏడేళ్ళు. పుంగనూరు దగ్గర గుండ్లమిట్ట అనే ఊరు. టమోటాల దొంగతనానికి తెల్లవారుజామున నాలుగున్నరకు తోటలో పడ్డాడు, పందుల తీగ తగిలింది అని మొదటి రిపోర్టు. చేను రెడ్డెప్పది. నిర్లక్ష్యం కేసు కాబట్టి అదే రోజు బెయిలు మీద ఇంటికి పోయాడు. రేపు ఆ సాక్షి నోరు విప్పకపోతే రెడ్డెప్ప ఏ జరిమానాతోనో బయటపడతాడు, అరుణ్ కుమార్ కాగితాల్లో టమోటా దొంగగానే మిగిలిపోతాడు. వాడి తల్లి మారెమ్మ ఈ రెండు నెలల్లో అడిగింది ఒక్కటే. నా కొడుకు దొంగ కాదని రాయించమ్మా అని. పెద్దకొడుకు ప్రవీణ్ అదీ అడగలేదు, ఆమె ముఖం చూసి ఊరకే తల తిప్పుకునేవాడు.

పదకొండుకు భారతి జీపెక్కింది.

*

గుండ్లమిట్టలో రెడ్డెప్ప ఇంటి ముందు జీపు ఆగేసరికి పన్నెండూ పది. స్టీరింగు దగ్గర హెడ్ కానిస్టేబుల్ మునిరత్నం ఉండిపోయాడు. రెడ్డెప్ప పశువుల కొట్టంలో ఆవుకు జొన్నసొప్ప వేస్తున్నాడు. యాభై అయిదేళ్ళ మనిషి, గట్టి ఒళ్ళు, నిదానమైన మాట. పోలీసులను చూసి కంగారుపడే రకం కాదు.

"రామ్మా. ఎండలో వచ్చినావు. కుర్సీ తెప్పిస్తా ఉండు."

"వద్దులే రెడ్డెప్పన్నా. నిలబడే మాట్లాడదాం. ఆ పొద్దు సంగతి ఇంకొకసారి చెప్పు."

"ఎన్ని తూర్లు సెప్పేదమ్మా? రాత్రి తీగకు కరెంటు పెడ్తి. పొద్దున తీసేది మర్సిపోతి. ఆరుకంతా పాలు తీసుకోని కొత్తూరికి పోయినా. ఆరూ పద్దెనిమిదికి పోసినట్టు మిసనే స్లిప్పు ఇచ్చె. నీకు ఇచ్చినా కదా ఆ స్లిప్పు."

ఇచ్చాడు. భారతి గొంతులో ఎముకలా అడ్డం పడింది ఆ స్లిప్పే. అరుణ్ కుమార్ ఆరూ తొమ్మిదికి డెయిరీ సూపర్‌వైజరుకు మెసేజి పెట్టాడు, బయల్దేరుతున్నానని. అంటే నాలుగున్నర అబద్ధం. ఆడవాళ్ళు చేలవైపు వస్తారని ఆ ఊళ్ళో ప్రతి రైతూ ఐదుకల్లా పందుల తీగ తీసేస్తాడు, రెడ్డెప్ప కూడా తీశాడు. మళ్ళీ ఆరుంబావుకు పెట్టాడు. పెట్టడం చూసింది సాక్షి. కానీ అదే సమయానికి రెడ్డెప్ప రెండు కిలోమీటర్ల అవతల పాలు పోస్తున్నాడని ఆ చిన్న కాగితం ముక్క చెబుతుంది.

భారతి కొట్టంలోకి వంగి చూసింది. పుట్టింది బి.కొత్తకోట రైతుల ఇంట్లో, పేడ ఎత్తుతూ పెరిగింది. నలుపూ తెలుపూ సీమావు, పక్కన మూతికి బుట్ట కట్టిన పెయ్యదూడ. అవతల ఇంకో ఆవు.

"దూడ బాగుండాదన్నా. ఎన్ని నెలలు?"

రెడ్డెప్ప ముఖం విప్పారింది. రైతును మాట్లాడించాలంటే గొడ్డు గురించి అడగాలి. "రెండు నెలల మీద. అమావాస్య నాడు ఈనె. పెయ్య పుట్టిందంటే అమావాస్య అయితే మాత్రం యాల వద్దంటాం?"

"అవతలిది?"

"అది వట్టిపోయి ఆర్నెల్లాయ. ఊరికే కట్టి మేపుతాండా."

అప్పుడు రెడ్డెప్ప జేబులో సెల్లు గుర్రుమంది. తీసి చూసుకున్నాడు. భారతి అలవాటు కొద్దీ గడియారం చూసింది, పన్నెండూ నలభై. అతను సెల్లు జేబులో పెట్టి, ఇంట్లోకి తల తిప్పి, "రెండు లోటాలు మజ్జిగ తే," అని కేకేశాడు. ఇందాకటి మనిషి కంటే ఇప్పటి మనిషి తేలిగ్గా ఉన్నాడు.

"మా ఊళ్ళో ఆవు ఈనితే పదకొండు దినాలు పాలు అమ్మరన్నా. ఈడ ఎట్ల?"

"ఈడా అంతే. పదకొండో దినం గంగమ్మకు పాలు పొంగిస్తాం. ఆపైనే సెంటరు. తప్పితే పొదుగు దెబ్బతింటాదని మా తాతల కాలం నుంచి."

"నువ్వు ఎప్పుడూ తప్పలేదా?"

"నేనా? సచ్చినా తప్పను."

"అరుణ్ కుమార్ చనిపోయింది అమావాస్య దాటిన నాలుగో దినం. చవితి," అంది భారతి. "నీకుండేది రెండు ఆవులు. ఒకటి వట్టిపోయింది, ఇంకోటి ఈని నాలుగు దినాలు. ఆ పొద్దు కొత్తూర్లో ఏ ఆవు పాలు పోసినావు రెడ్డెప్పన్నా?"

రెడ్డెప్ప చేతిలో సొప్ప అలాగే ఉండిపోయింది. ఆవు మెడ చాచి లాక్కుంది. రెండు నెలలు నెత్తీ నోరూ కొట్టుకున్నా విడని ముడి విడిపోయింది. ఎవరి చేతనో ఎవరి పాలో తన నంబరు మీద పోయించుకున్నాడు. పోయించుకుంటూ సొంత కొట్టంలోని పురుటి ఆవును మరిచిపోయాడు.

భయపడతాడనుకుంది. అతను నవ్వాడు.

"కొత్తకోట పిల్లవనిపించుకున్నావు. పోసింటాను ఎవురివో ఒకరివి. రాసుకోమ్మా."

"ఒప్పుకుంటాండావా?"

"పాలు అబద్ధమని ఒప్పుకుంటాండా. తీగ సంగతి వేరే." మజ్జిగ వచ్చింది. లోటా ఆమె వైపు జరిపాడు. "తాగు. నువ్వూ మన బిడ్డవే. ఆ కాలనీవాళ్ళ కోసం మనోళ్ళ మీదికి పోతాండావు, పొయ్యేదేదో పోయినాక నీకే తెలుస్తాది."

భారతి లోటా ముట్టుకోలేదు. ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాడే ఇతను అని మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. గెలిచిన సంబరంలో ఆ ముల్లును పట్టించుకోకుండా బయటికి నడిచింది.

*

తీగ పెట్టిన చోటు చూడకుండా ఆమె ఏ రోజూ ఆ ఊరి నుంచి కదల్లేదు. బోరు, దాని పక్కన స్టార్టరు డబ్బా, డబ్బాలోంచి గట్టు దాకా తీగ లాగిన గుంజలు. గట్టుకు ఇటువైపు రెడ్డెప్ప టమోటా తోట, అటువైపు అర ఎకరా ముక్క. ఆ ముక్క వెంకటమ్మది.

నలభై ఏడో నంబరు వెంకటమ్మే. భర్త పోయి తొమ్మిదేళ్ళు, ఒక్క ఆవు, ఆ అర ఎకరా, కుప్పంలో ఇచ్చిన కూతురు శ్వేత. ఆ పొద్దున పాలక్యాను చేతిలో పట్టుకుని తన గట్టు మీద నిలబడి అంతా చూసింది. ముందు నోరు మూసుకుంది. నలభై రోజులు మూసుకుని, ఒకనాడు పుంగనూరు సంతలో భారతి పక్కన వంకాయలు ఏరుతున్నట్టు నిలబడి, నా పేరు బయటికి రానియ్యనంటే సెప్తానమ్మా అంది. భారతి మాటిచ్చింది. మనవణ్ణి చూసొస్తానని ఊళ్ళో చెప్పించి ఆమెను కూతురి ఇంటికి పంపేసింది.

సాక్షి నిలబడ్డ చోటి నుంచి స్టార్టరు డబ్బా దాకా భారతి అడుగులు లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. అడ్డం ఏమీ లేదు, మాట కూడా వినపడుతుంది. రాసుకుంది. రాసుకుని తలెత్తేసరికి వెంకటమ్మ చేనిలో మొక్కలు వాలిపోయి కనపడ్డాయి. పూత మీదున్న టమోటా నీళ్ళు తప్పితే తప్ప అలా వాలదు.

"మేడమ్, ఇట్ల రాండి," అని మునిరత్నం పిలిచాడు.

గట్టు కింద పచ్చి మట్టి. మూరెడు లోతు తవ్వి ఉంది. లోపల నీళ్ళ గొట్టం రెండు ముక్కలైంది.

"పగిలిందా?"

"లేదు మేడమ్. కోసినారు. రంపం గీతలుండాయి సూడండి. మట్టి తడి ఆరలేదు, నిన్న సాయంత్రం తవ్వింటారు."

వెంకటమ్మకు బోరు లేదు. భర్త అన్నదమ్ముల బోరులోంచి ఆమె వాటా నీళ్ళు రెడ్డెప్ప చేని కింద గొట్టంలో వస్తేనే ఆమెకు పంట. అరవై రోజులుగా ఆ గొట్టం జోలికి ఎవరూ పోలేదు. నిన్న సాయంత్రమే ఎందుకు కోశారు? భారతి వెంకటమ్మ సెల్లుకు చేసింది. స్విచాఫ్. శ్వేతకు చేసింది. మోగింది, ఎత్తలేదు.

అప్పుడే ఆమె సెల్లు మోగింది. లక్ష్మీపతి.

"ఎక్కడుండావమ్మా?" గొంతులో పొద్దుటి ఎత్తిపొడుపు లేదు.

"గుండ్లమిట్టలో. ఆయన పాల స్లిప్పు దొంగదని తేలిపోయింది సార్. మీకు కాగితం కావాలన్నారు కదా, ఇప్పుడు ఉంది."

"అది వదిలెయ్. నీ సాక్షి కొత్తూరుకు పోకుండా గుండ్లమిట్టలోనే పాలు పోసే రైతుల ఆడమనిషి. అవునా?"

భారతి కోసిన గొట్టం వైపు చూసింది.

"నీ పాఠం కాగితంలో పేర్లన్నీ తీసేసి, నలభై ఏడు అని నంబరు వదిలిపెడితివి. పాలు పోసే ఊళ్ళో మనిషికి పేరెందుకమ్మా? నలభై ఏడు రాలేదే అంటారు, నలభై ఏడు పాలు పలచనయినాయంటారు. పసిపిల్లకు కూడా తెలుసు ఎవరి నంబరు ఎంతో. మా అమ్మ నంబరు పన్నెండు. చచ్చిపోయి పదేళ్ళయినా మా ఊళ్ళో నన్ను పన్నెండో నంబరు కొడుకనే అంటారు."

"ఆ కాగితం హాలు దాటి బయటికి పోలేదు కదా సార్?"

"నిన్న నాలుగు గంటలకే పోయింది. దీపిక తన బ్యాచి లాయర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది, ఏ సెక్షను వస్తాదో చెప్పండని. మంచికే పెట్టింది పాపం. ఆ గ్రూపులో రెడ్డెప్ప లాయరు దగ్గర పనిచేసే పిల్లోడు ఉండాడు. పాలు, తీగ, గట్టు అంటే కేసు తెలిసిపోదా? నాకు ఇప్పుడే తెలిసింది. దీపిక నా ముందర కూర్చోని ఏడుస్తా ఉంది."

భారతి గట్టు మీద కూర్చుండిపోయింది. సాక్షి రైతు కులం మనిషని, అయినా అక్కడే పాలు పోసిందని రాస్తే ప్రాసిక్యూటర్లు ఆమె మాటను నమ్ముతారని, ఆ నంబరు తానే పనిగట్టుకుని వేసింది. కంచే చేను మేసిందని ఎవరినో అనడానికి లేదు, ఆ కంచె తానే.

"ఆమె ఎక్కడుందో నేను అడగను," అన్నాడు లక్ష్మీపతి. "వాళ్ళకు అడిగే పని కూడా లేదు. కూతుర్ని యాడిచ్చిందో ఊరందరికీ తెలుసు. బయల్దేరమ్మా."

*

దారిలో కుప్పం స్టేషనుకు మూడు సార్లు ఫోను చేసింది. మనిషిని పంపిస్తాం మేడమ్ అని మూడు సార్లూ అన్నారు. సాయంత్రం నాలుగూ యాభైకి శ్వేత ఇంటి ముందు దిగితే గుమ్మంలో ఎవరూ లేరు. మండిపడి, "నువ్వే స్టేషనుకు పోయి ఇద్దరు కానిస్టేబుళ్ళను వెంటబెట్టుకుని రా," అని మునిరత్నాన్ని జీపుతో పంపేసింది.

శ్వేత తలుపు తీసింది. చంకలో పిల్లవాడు, ఏడ్చి ఉబ్బిన కళ్ళు. "లోపల ఉండాది మేడమ్," అని పక్కకు తప్పుకుంది.

వెంకటమ్మ వెనక గదిలో చాప మీద కూర్చుని ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు. చూడగానే భారతికి ప్రాణం లేచొచ్చింది. ఆమె పక్కన మూట కట్టిన గుడ్డల సంచీ, సంచీ మీద స్టాంపు కాగితం ఉన్నాయి.

"వచ్చినావా అమ్మా? నీ కోసమే సూస్తాండా. నన్ను తీసుకుపో."

"యాడికి వెంకటమ్మక్కా?"

"జైలుకి." ఆమె కాగితం చేతికిచ్చింది.

భారతి చదివింది. గట్టు మీద తీగ నాదే. పందులు నా చేనిలో పడుతున్నాయని రెడ్డెప్ప స్టార్టరు నుంచి ఆయనకు తెలియకుండా నేనే కరెంటు పెట్టుకున్నాను. ఆ రోజు తీయడం మరిచిపోయాను. పోలీసులు బెదిరించి రెడ్డెప్ప మీద చెప్పమన్నారు. కింద వేలిముద్ర, నోటరీ ముద్ర, ఈ రోజు తేదీ, సమయం పదకొండూ పదిహేను. ఆ సమయానికి భారతి పుంగనూరు దారిలో ఉంది. పన్నెండూ నలభైకి రెడ్డెప్ప సెల్లులోకి వచ్చింది ఈ కాగితమే. ఇక ఏ ఆవు పాలు పోస్తే ఏం, పొయ్యకపోతే ఏం. అందుకే లోటా చేతికిచ్చి నవ్వుతూ ఒప్పుకున్నాడు.

"ఎవరొచ్చినారక్కా?"

"ఊరంతా వచ్చినారు. పదకొండు మంది, రెండు కార్లలో. మా బావ, మా బావ కొడుకులు, పెద్ద మనుసులు. అరటిపండ్లు తెచ్చినారు పిల్లోనికి. ఒక్క సెడ్డ మాట అనలేదమ్మా. గొట్టం కోసినామని సెప్పినారు, యేలిముద్ర ఏస్తే పొద్దు గూకే లోపల అతుకుతామన్నారు. మర్సిపోయి జరిగిన కేసు కదా, రెండేండ్లు పడితే పడతాది, అంతవరకు నీ ఆవును, నీ సేనును మేం సూసుకుంటాం అన్నారు."

"ఇది అబద్ధం కదా."

"అబద్ధమే. నిజానికి నీళ్ళు వస్తాయా అమ్మా?"

చట్టంలో ఆ ప్రశ్నకు సెక్షను లేదు.

"ఒకటి అడగతా, సెప్పు," అంది వెంకటమ్మ. "పేరు బయటికి రానియ్యనంటివి. సూసింది నలభై ఏడో నంబరని వాళ్ళకు ఎట్ల తెలిసె?"

ఎవరి మీదికైనా నెట్టొచ్చు. దీపిక ఉంది, లాయరు దగ్గరి ఆ పిల్లోడు ఉన్నాడు, కుప్పం స్టేషను ఉంది. భారతి చాప మీద ఆమె ఎదురుగా కూర్చుంది.

"నేనే రాసినానక్కా. ఒక క్లాసులో. నేర్పిద్దామని రాసినా."

వెంకటమ్మ తిడితే బాగుండునని భారతికి అనిపించింది. ఆమె తిట్టలేదు.

"రేపు మేజిస్ట్రేటు ముందు నిజం చెప్పు," అంది భారతి. "ఇది బలవంతాన రాయించుకున్నారని చెప్పు. నోటరీ కాగితం కంటే నీ నోటి మాటకే విలువ. గొట్టం నేను అతికిస్తా. అతికించకపోతే నా పేరు మార్చుకుంటా."

"నువ్వు అతికించి పోతావు. రాత్రికి మళ్ళీ కోస్తారు." వెంకటమ్మ సంచీ ముడి సవరించింది. గొంతు తగ్గించి అంది, "ఆ పిల్లోడు గిలగిల కొట్టుకుంటా నా దిక్కే సూసినాడమ్మా. అక్కా అన్నాడు. నేను క్యాను కింద కూడా పెట్టకుండా నిలబడుకోనుంటి. మేజిస్ట్రేటు ఎవరో నాకు తెలీదు. మారెమ్మను ముందర నిలబెట్టు. ఆమె మొగం సూసినానంటే నాకు అబద్ధం రాదు. నీళ్ళు పోతే పోనీ."

మునిగేవాడికి గడ్డిపోచ అంటారు, అంతమాత్రం ఆశ. లక్ష్మీపతి ఓడిపోతానన్నా సరే, రేపు పదిన్నరకు మారెమ్మ ఆ గుమ్మంలో నిలబడితే చాలు. సెల్లు తీసి మారెమ్మకు చేసింది. గడియారంలో ఐదూ పది.

మొదటి రింగుకే ఎత్తింది మారెమ్మ. వెనక ఎవరో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

"మారెమ్మా, నేను భారతిని. రేపు పొద్దున నువ్వు కోర్టుకు రావల్ల..."

"అమ్మా, నీకే చేస్తాండా, నీ సెల్లు తగల్లేదు," అంది మారెమ్మ. "మద్యాన్నం ఒక కాగితం పొటో పంపినారు మా ప్రవీణ్ సెల్లుకి. యవరు పంపినారో తెలీదు. కరెంటు పెట్టింది వెంకటమ్మేనంట కదా. యేలిముద్ర కూడా ఏసిందంట. వాడు తింటా ఉన్న అన్నం తట్ట ఇసిరికొట్టి లేసినాడు. ఇన్నాళ్ళు మన సెంటర్లో పాలు పోసి మనల్నే నమ్మించిందే అన్నాడు."

"ప్రవీణ్ యాడ ఉండాడు మారెమ్మా?"

"రెండు గంటల బస్సుకు కుప్పం పోయినాడమ్మా. ఇంట్లో గడ్డి కోసే కొడవలి లేదు. నాకు ఉండేది వాడొక్కడే, నువ్వే పట్టుకోవల్ల."

రెండు గంటల బస్సు కుప్పం చేరి ఎంతసేపయిందో భారతి లెక్క వేసుకుంటూ ఉండగానే వీధి తలుపు గడియ తీసిన చప్పుడైంది. ముందు గదిలోంచి శ్వేత గొంతు వినపడింది.

"అమ్మా, మనూరాయనంట. నీతో మాట్లాడల్లంట. లోపలికి రమ్మన్నా."